కార్బ్యురేటర్ తీసేసి ఇంజెక్షన్ పెట్టించాలా?

ప్రశ్న: నా దగ్గర 1966 నాటి ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. 1,798 సీసీ ఇంజన్, రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బ్యురేటర్లు (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కు ఇచ్చేవి), డైనమో, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొనను బాడీకి కలపడం). అన్నీ ఫ్యాక్టరీలో బిగించినట్టే ఉన్నాయి. నెలకు మూడు నాలుగు సార్లు బయటికి తీస్తాను. రెండు వారాలు కదలకుండా ఉంటే ఓ పట్టాన స్టార్ట్ కాదు. ట్రాఫిక్‌లో బాగా వేడెక్కాక ఆగిపోతుంది. పావుగంట ఆగితే గానీ మళ్లీ అందుకోదు, అంతసేపూ పెట్రోల్ వాసన. ఏడాదికోసారి 2,000 మీటర్ల ఎత్తున్న కొండదారిలో వెళ్తాం, అక్కడ నల్లపొగ, లాగదు. మైలేజీ కూడా బాగా పడిపోయింది. కార్బ్యురేటర్లు తీసేసి త్రాటిల్ బాడీ ఇంజెక్షన్ (కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోల్ చిమ్మే) కిట్ వేయించుకోమని మెకానిక్ అంటున్నారు. వేయించాలా, ఉన్నవాటినే బాగుచేయించాలా? వేయిస్తే పవర్ పెరుగుతుందా?

సమాధానం: మీరు రాసిన నాలుగు ఇబ్బందుల్లో కార్బ్యురేటర్‌కు పుట్టుకతో వచ్చిన లోపం ఒక్కటే, కొండ మీద నల్లపొగ. మిగతా మూడూ అరుగుదల వల్లో, వేడి వల్లో, ఇగ్నిషన్ (స్పార్క్ ఇచ్చే కరెంటు ఏర్పాటు) వల్లో వచ్చేవి. కిట్ వేసినా వాటిలో సగం అలాగే ఉంటాయి, పైగా కొత్తవి వచ్చి చేరతాయి. కాబట్టి మీ బండికి ఎస్‌యూలే ఉంచండి. మీ మెకానిక్ మాట అన్ని బండ్లకూ తప్పు కాదు గనక ఇంజెక్షన్ ఎవరికి నప్పుతుందో కూడా చెబుతాం, కానీ ముందు మీ బండి సంగతి.

పవర్ గురించి ఆశ పెట్టుకోకండి. ఇంజన్ ఎంత గాలి పీల్చగలదో అంత పవరే వస్తుంది. ఫుల్ రేసులో ఒక పాలు పెట్రోల్‌కు 12.5 నుంచి 13 పాళ్ల గాలి ఉండాలి. సరిగ్గా సెట్ చేసిన కార్బ్యురేటర్ అదే ఇస్తుంది, ఇంజెక్షనూ అదే ఇస్తుంది. ఇంజెక్షన్ గొప్పతనం కనిపించేది చలిలో స్టార్ట్ చేసేటప్పుడు, ఎత్తు మారినప్పుడు, సగం రేసులో నిలకడగా పోయేటప్పుడు. 2,000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో సుమారు 82 శాతమే. ఆ పోయిన 18 శాతాన్ని ఏ కిట్టూ తిరిగి తేలేదు. కార్బ్యురేటర్ అక్కడ అదనంగా చేసే తప్పు ఏమిటంటే, గాలి పలచబడినంత మేరకు పెట్రోల్‌ను తగ్గించదు. మిక్చర్ దాదాపు 10 శాతం రిచ్ అవుతుంది, అంటే పెట్రోల్ పాలు ఎక్కువవుతుంది. కింద ఉన్నప్పుడే కాస్త రిచ్‌గా నడుస్తున్న ఇంజన్ అయితే పైకి వెళ్లేసరికి నల్లపొగ కక్కుతుంది. ఎస్‌యూలో దీనికి మందు చేతిలోనే ఉంది. జెట్ (పెట్రోల్ వచ్చే సన్న గొట్టం) కింద ఉండే ఆరు పలకల నట్టును రెండు కార్బ్యురేటర్లలోనూ సమానంగా ఒకటి రెండు పలకలు పైకి తిప్పితే మిక్చర్ లీన్ అవుతుంది, అంటే పెట్రోల్ పాలు తగ్గుతుంది. ఎంత తిప్పారో రాసి పెట్టుకుని, దిగి వచ్చాక అన్నే పలకలు వెనక్కి తిప్పాలి. వెనక్కి తిప్పడం మరిచిపోయి మైదానంలో హైవే ఎక్కితే లీన్‌గా నడిచి వాల్వులు కాలతాయి, జాగ్రత్త. ఏడాదికి ఒక్క ప్రయాణానికి ఇది పెద్ద శ్రమ కాదు.

ఇక వేడికి ఆగిపోవడం. దీని నిర్ధారణకు మీ బండిలోనే ఒక మంచి సాక్షి ఉంది, వెనకవైపు ఉండే ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు. ఇంజన్ ఆపి ఉండగా తాళం తిప్పితే అది టకటకమని కొట్టుకుంటుంది. ఫ్లోట్ చాంబర్లు (కార్బ్యురేటర్ పక్కన పెట్రోల్ నిల్వ ఉండే గిన్నెలు) నిండేకొద్దీ చప్పుడు నెమ్మదించి, నిండాక ఆగుతుంది. ఈసారి బండి వేడికి ఆగిపోయినప్పుడు సెల్ఫ్ కొట్టకుండా తాళం మాత్రం తిప్పి చెవి పెట్టండి. చప్పుడు వేగంగా, ఆగకుండా వస్తుంటే పంపుకు పెట్రోల్ అందడం లేదని అర్థం. లైన్‌లో ఆవిరి పట్టింది, లేదా ట్యాంకుకూ పంపుకూ మధ్య ఎక్కడో గాలి లాక్కుంటోంది. రెండు మూడు దెబ్బలు కొట్టి ఊరుకుని, గుప్పున వాసన వస్తుంటే దానికి సరిగ్గా ఎదురు జబ్బు. పెట్రోల్ తక్కువై కాదు, ఎక్కువై ఆగింది. చాంబర్‌లో పెట్రోల్ మరిగి జెట్ గుండా, ఇంజన్‌కు మిక్చర్ తీసుకెళ్లే మానిఫోల్డ్‌లోకి పొంగింది. అప్పుడు చోక్ జోలికి పోకుండా, రేసు పూర్తిగా తొక్కి పట్టి, పది సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టండి. ఒక్కసారి నల్లపొగ వదిలి అందుకుంటే జబ్బు దొరికినట్టే. పంపు మామూలుగానే ఉండి వాసనా లేకపోతే ఒక ప్లగ్ తీగ ఊడదీసి స్పార్క్ చూడండి. వేడెక్కితే చచ్చి, చల్లారితే బతికే కండెన్సర్లు, కాయిళ్లు చాలానే ఉంటాయి. వాటి పాపం కార్బ్యురేటర్ నెత్తిన పడుతుంటుంది. ఒక హెచ్చరిక: పెట్రోల్ గుప్పుమంటున్నప్పుడు ఈ స్పార్క్ పరీక్ష చేయకండి.

మీరు చెప్పిన వాసనను బట్టి మీది పొంగడమే అనిపిస్తోంది. ఈ ఇంజన్‌లో కార్బ్యురేటర్లూ సైలెన్సర్ మానిఫోల్డూ ఒకే పక్క ఉంటాయి. ఇంజన్ ఆగగానే గాలి ఆడదు, కింది వేడంతా పైకి లేస్తుంది. మధ్యలో ఉండాల్సిన రేకు షీల్డు, కార్బ్యురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ నడుమ బిగించే మందపాటి ఇన్సులేటర్ దిమ్మలు ఉన్నాయో లేదో చూడండి. ఎప్పుడో ఎవరో ఇంజన్ విప్పి, దిమ్మల స్థానంలో ఉత్త కాగితం ప్యాకింగ్ వేసి బిగించేసిన బండ్లు ఉంటాయి. షీల్డుకు పాత లైనింగ్ అంటించి ఉంటే అది ఆస్బెస్టాస్ కావచ్చు, గీకకండి. తర్వాత ఫ్లోట్ ఎత్తు చూడాలి. చాంబర్ మూత తిరగేసి పట్టుకుంటే ఫ్లోట్ బరువుకు నీడిల్ వాల్వ్ మూసుకుంటుంది. అలా ఉండగా లీవరుకూ మూత అంచుకూ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల కడ్డీ సరిగ్గా పట్టాలి. అంతకన్నా తక్కువ ఉంటే పెట్రోల్ మట్టం ఎక్కువవుతుంది, కొంచెం వేడికే పొంగుతుంది. ఈ నీడిల్ వాల్వ్ కొనకు గీత పడి ఉంటే సీటుతో కలిపి మార్చండి. ఓవర్‌ఫ్లో గొట్టాలు సైలెన్సర్ గొట్టానికి దూరంగా, కిందికి దిగి ఉన్నాయో కూడా చూసుకోండి. ఇది మైలేజీ కోసం కాదు, మంటలు అంటుకోకుండా.

చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకపోవడానికి ఆవిరైపోయిన పెట్రోల్‌ను తప్పుపట్టడం మామూలే. మెకానికల్ పంపు ఉన్న బండిలో అది నిజం. ఎండిపోయిన చాంబర్ నిండాలంటే ఇంజనే తిరగాలి. మీకు ఎలక్ట్రిక్ పంపు ఉంది కాబట్టి తాళం తిప్పి చప్పుడు ఆగేదాకా ఆగితే చాంబర్లు నిండినట్టే. అప్పటికీ స్టార్ట్ కాకపోతే చోక్‌నూ బ్యాటరీలనూ అనుమానించాలి. మీ మోడల్‌లో సీటు వెనక 6 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉంటాయి, మధ్య తీగ చివర్లు తుప్పు పడుతుంటాయి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు రెండూ కలిపి 9.6 వోల్టులకు తగ్గకూడదు. తగ్గితే స్పార్క్ నీరసపడుతుంది. హెచ్‌ఎస్4లో చోక్ అంటే గాలికి అడ్డం వచ్చే రేకు కాదు. నాబ్ లాగితే జెట్టే కిందికి దిగి, అందులోకి దిగి ఉండే సన్న నీడిల్ (ఇది ఫ్లోట్ నీడిల్ వాల్వ్ కాదు) చుట్టూ సందు పెరుగుతుంది. నాబ్ లాగించి కింద నుంచి చూడండి. రెండు జెట్లూ సమానంగా దిగాలి. ఒకటే దిగితే రెండు సిలిండర్లకే చోక్ పడుతున్నట్టు. నాబ్ లోపలికి నెట్టాక జెట్ అడుగును వేలితో పైకి నొక్కండి. అది ఇంకా పైకి కదిలిందంటే, మీరు ఇన్నాళ్లూ సగం చోక్ మీద తిరుగుతున్నారు. పడిపోయిన మైలేజీకి, కొండ మీద పొగకు ఇదొక్కటే కారణమైనా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు ఎస్‌యూల పని. పట్టుకునే ముందు ఇగ్నిషన్ సరిచేయాలి. కార్బ్యురేటర్ జబ్బుల్లో తొంభై శాతం కరెంటు జబ్బులేనని మెకానిక్‌లు ఊరికే అనరు. ఈ ఇంజన్‌కు వాల్వ్ క్లియరెన్స్ చల్లగా ఉన్నప్పుడు 0.38 మిల్లీమీటర్లు, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల (కాయిల్ కరెంటును తెంచే స్విచ్) గ్యాప్ కూడా అంతే, ప్లగ్ గ్యాప్ 0.63. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును పక్కలకు ఊపి చూడండి, ఆట ఉంటే పాయింట్ల గ్యాప్ ఏ సిలిండర్‌కు ఆ సిలిండర్‌కు మారిపోతుంది. వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్పును బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపేది) గొట్టం ఊడదీసి నోటితో పీల్చి నాలుకతో మూయండి, పట్టు నిలవకపోతే లోపలి పొర చిరిగింది. అది చిరిగితే మైలేజీ పోతుంది, గాలి లీకు వల్ల స్లో (రేసు ఇవ్వకుండా ఇంజన్ తిరిగే వేగం) నిలవకపోవచ్చు. టైమింగ్ లైటుతో చూస్తూ రేసు ఇచ్చి వదలండి, గుర్తు పైకి పోయి అదే చోటికి తిరిగి రావాలి.

తర్వాత ఎయిర్ క్లీనర్లు విప్పి, కార్బ్యురేటర్ లోపలి పిస్టన్‌ను వేలితో పూర్తిగా ఎత్తి వదిలేయండి. కింద పడినప్పుడు ‘టక్’మని లోహం లోహానికి తగిలిన చప్పుడు రావాలి. మెత్తగా దిగి ఆగితే నీడిల్ జెట్‌కు ఒరుసుకుంటోంది, జెట్ మధ్యకు రాలేదని అర్థం. పైనుండే సక్షన్ చాంబర్ విప్పితే నీడిల్ చూడొచ్చు. ఒక పక్క మెరుగు పెట్టినట్టు ఉంటే అటువైపు ఎన్నో ఏళ్లుగా రాసుకుంది. అప్పుడు జెట్ కన్నం కూడా కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటుంది, రెండూ కలిపే మార్చాలి. కొత్త నీడిల్‌ను అరిగిన జెట్‌లో దింపితే డబ్బు దండగ. చాంబర్లు, పిస్టన్లు ఒకదానివి ఇంకోదానికి మార్చకండి, జతలుగా అమర్చినవి.

త్రాటిల్ స్పిండిల్ (గాలి తెరిచే రేకు తిరిగే ఇరుసు) అరుగుదల ఇంకో పెద్ద దొంగ. స్పిండిల్ చివర పట్టుకుని పైకీ కిందికీ కదపండి. ఆట తెలుస్తుంటే ఆ సందులోంచి లెక్కలేని గాలి లోపలికి పోతోంది. ఇంజన్ స్లోలో ఉండగా ఆ చివర మీద సీసాతో నీళ్ల తుంపర కొట్టండి, స్లో మారిందంటే లీకు ఖాయం. ఇలాంటి కార్బ్యురేటర్‌ను ఎంత ట్యూన్ చేసినా ఈరోజు బాగుండి రేపు మారిపోతుంది. బాడీని రీమ్ చేసి బుష్‌లు వేసి, కొత్త స్పిండిల్ అమర్చడమే దారి. మెషిన్ పని తెలిసినవారే చేయాలి, రెండు బుష్‌లూ ఒకే సూటిలో లేకపోతే త్రాటిల్ పట్టేస్తుంది.

అమర్చాక సెట్టింగ్. పిస్టన్ ఎగిరిపడకుండా నెమ్మదింపజేసే డ్యాంపర్‌లో ఎస్‌ఏఈ 20 ఆయిల్ పోయండి. డ్యాంపర్ దించుతుంటే, మూత బిగియడానికి ఇంకా 6 మిల్లీమీటర్లు ఉందనగా చేతికి అడ్డం తగలాలి. తగలకపోతే ఆయిల్ చాలలేదు, రేసు ఒక్కసారిగా ఇస్తే ఇంజన్ తడబడుతుంది. జెట్‌ను పూర్తిగా పైకి, బ్రిడ్జితో (పిస్టన్ కింద ఉండే మెట్టు) సమంగా తెచ్చి అక్కడ్నుంచి 12 పలకలు, అంటే రెండు పూర్తి చుట్లు, కిందికి దింపండి. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. రెండు స్పిండిళ్లను కలిపే క్లిప్పులు వదులు చేసి, స్లో స్క్రూలు తగిలీ తగలగానే ఒక్కోటి చుట్టున్నర బిగించండి. ఇంజన్ వేడెక్కాక గాలి మీటరుతో, అది లేకపోతే చెవికి సన్న గొట్టం పెట్టి రెండింటి బుస్సుమనే చప్పుడు సమానం చేయండి. ఆ తర్వాతే మిక్చర్. కార్బ్యురేటర్ అడుగున ఉండే చిన్న పిన్నుతో పిస్టన్‌ను 0.8 మిల్లీమీటర్లు మాత్రం ఎత్తండి. స్లో కాస్త పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. పెరిగి అలాగే ఉండిపోతే రిచ్, నట్టు ఒక పలక పైకి. వెంటనే పడిపోయి ఆగబోతే లీన్, ఒక పలక కిందికి. ఒక కార్బ్యురేటర్ మారిస్తే రెండోదాని లెక్క కూడా కదులుతుంది కాబట్టి రెండు మూడు సార్లు ఇటూ అటూ తిరగాల్సిందే. చివర్లో క్లిప్పులు బిగించేటప్పుడు రెండు త్రాటిళ్లూ ఒకేసారి తెరుచుకుంటున్నాయో చూడండి. ఇంత చేసి ఇక్కడ తొందరపడితే రేసు ఇవ్వగానే ఇంజన్ వణుకుతుంది.

పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది గనక ఒక మాట. శుద్ధ పెట్రోల్‌కు సరిపడే గాలి 14.7 పాళ్లు, పది శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 14.1, ఇరవై శాతమైతే 13.5 దగ్గర. పాత సెట్టింగ్ మీద అదే ఇంధనం పోస్తే ఇంజన్ ఆ మేరకు లీన్‌గా నడుస్తుంది. వెబర్ లాంటి జెట్ మార్చే కార్బ్యురేటర్లలో లెక్క సులువు. ప్రవాహం కన్నం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి నాలుగు శాతం ఎక్కువ పెట్రోల్ కావాలంటే వ్యాసం రెండు శాతం పెంచితే చాలు. 120 జెట్ అంటే 1.20 మిల్లీమీటర్ల కన్నం, దానికి 122 దగ్గర వస్తుంది. ఇరవై శాతం ఇథనాల్‌కు 125. ఎస్‌యూలో ఒకటి రెండు పలకలు దింపితే స్లో సర్దుకుంటుంది గానీ పై రేసులకు కాస్త రిచ్ నీడిల్ వేయాల్సి రావచ్చు. ఏ కార్బ్యురేటర్‌లోనైనా పాత రబ్బరు గొట్టాలు, కార్క్ ప్యాకింగులు మాత్రం తప్పక మార్చండి. హెచ్‌ఎస్4లో చాంబర్ అడుగు నుంచి జెట్‌కు వచ్చే నైలాన్ గొట్టం గట్టిపడి కారడం కూడా మామూలే.

ఇప్పుడు మీ మెకానిక్ చెప్పిన కిట్ సంగతి. త్రాటిల్ బాడీ ఇంజెక్షన్‌లో పెట్టెలో వచ్చేది పనిలో మూడో వంతు మాత్రమే. మీ బండికి మొదట అడ్డం వచ్చేది కరెంటు. లూకాస్ సీ40 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు, స్లోలో దాదాపు ఏమీ ఇవ్వదు. హెడ్‌లైట్లకే తొమ్మిది, కాయిల్‌కు మూడు నాలుగు, కొత్త పంపుకు ఐదు నుంచి ఎనిమిది, ఆపైన ఇంజెక్టర్లు, ఆక్సిజన్ సెన్సార్ (సైలెన్సర్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచేది) హీటరు. వైపరు వేయగానే లెక్క తప్పుతుంది. కాబట్టి ఆల్టర్నేటర్ కావాలి, దాంతోపాటు నెగటివ్ ఎర్త్‌కు మారాలి. బ్యాటరీ తీగలు తారుమారు చేస్తే అయిపోయే పని కాదది. కాయిల్ తీగలు మార్చాలి, ఎలక్ట్రానిక్ టాకోమీటర్ లోపల మార్పు చేయించాలి, పాత రేడియో ఉంటే అది కాలిపోతుంది. ఎంజీబీకి ఫ్యాక్టరీయే ఆల్టర్నేటర్, నెగటివ్ ఎర్త్ ఇచ్చింది 1967 చివర్లో వచ్చిన మార్క్ 2 నుంచే.

రెండో అడ్డంకి ఇంజన్ తలలోనే ఉంది. నాలుగు సిలిండర్లకు రెండే ఇన్‌లెట్ పోర్టులు. ఒకటీ రెండూ ఒక పోర్టు పంచుకుంటాయి, మూడూ నాలుగూ ఇంకోటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి ముందు పోర్టులో రెండో సిలిండర్ పీల్చిన వెంటనే ఒకటోది పీల్చుతుంది, ఆపైన పోర్టు కాసేపు ఖాళీ. ఇంజెక్టర్ ఎప్పుడు చిమ్మింది అన్నదాన్ని బట్టి పక్కపక్క సిలిండర్లకు పెట్రోల్ హెచ్చుతగ్గులుగా పంచబడుతుంది. సైలెన్సర్‌లో ఉన్న ఒక్క సెన్సార్ ఆ నాలుగింటి సగటే చూస్తుంది. ఒకటి లీన్‌గా కాలుతూ ఇంకోటి రిచ్‌గా తడుస్తున్నా దానికి లెక్క సరిగ్గానే కనిపిస్తుంది. ఇలాంటి పోర్టులే ఉన్న మినీ ఇంజన్‌కు కంపెనీ ఇంజెక్షన్ పెట్టింది నిజమే. 1991 నుంచి ఒకే ఇంజెక్టర్‌తో, 1996 చివర్లో పోర్టుకు ఒకటి చొప్పున రెండింటితో. అయితే ఆ ఇంజన్ కోసమే తయారుచేసిన కంప్యూటర్, సెట్టింగ్‌లతో. ఏ బండికైనా సరిపోతుందని అమ్మే కిట్టుతో అంత నాజూకు కుదరదు.

మరి ఇంజెక్షన్ ఎవరికి? రోజూ నడిపే పాత బండికి, వారం వారం కొండలెక్కి దిగేవారికి, విడివిడి పోర్టులు, ఆల్టర్నేటర్, నాలుగు గొట్టాల పెద్ద కార్బ్యురేటర్ ఉన్న వీ8లకు అది బాగా కలిసొస్తుంది. అయితే వీ8 వారూ ఒక లెక్క చూసుకోవాలి. చాలామంది అవసరానికి మించిన కార్బ్యురేటర్ పెట్టుకుని, అది స్లోలో తడబడితే కార్బ్యురేటర్ జాతినే తిట్టుకుంటారు. 350 క్యూబిక్ అంగుళాల ఇంజన్ 5,500 ఆర్‌పీఎమ్‌లో, 85 శాతం నిండుతుందనుకుంటే, పీల్చేది నిమిషానికి 473 ఘనపుటడుగులే. దానికి 750 ఘనపుటడుగుల కార్బ్యురేటర్ పెట్టి రోడ్డు మీద నడపడం కష్టం. ఇంకో మాట: బండి పుట్టుకతోనే ఇంజెక్షన్‌దైతే దాన్ని కార్బ్యురేటర్‌కు మార్చే సలహా కూడా ఇలాగే తొందరపాటు. ట్రయంఫ్ టీఆర్6 పీఐలోని లూకాస్ మెకానికల్ ఇంజెక్షన్, 1973 నుంచి వచ్చిన బాష్ కె-జెట్రానిక్ లాంటివి మొండికేస్తే ముందు ప్రెషర్ గేజీ పెట్టి చూడాలి. చాలాసార్లు పంపు నీరసమో, ఎక్కడో గాలి లీకో బయటపడుతుంది.

వేయించుకునేవారు పెట్రోల్ లైన్‌ను ట్యాంకు నుంచి మళ్లీ కట్టుకోవాలి. ఎస్‌యూకు 3 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) చాలు, ఇంజెక్షన్‌కు 43 నుంచి 58 కావాలి. పాత గొట్టంలో ఆ ఒత్తిడి పెడితే కారడం కాదు, పిచికారీ కొడుతుంది. ఎస్‌ఏఈ 30ఆర్9 రకం గొట్టం, గుండ్రంగా సమంగా నొక్కే ఇంజెక్షన్ క్లిప్పులు వాడాలి, గాట్ల క్లిప్పులు గొట్టాన్ని కోస్తాయి. పంపు ట్యాంకులో మునిగి ఉంటేనే మంచిది. బయట పెడితే ట్యాంకు అడుగు కన్నా కిందికి, ట్యాంకుకు దగ్గరగా ఉండాలి. ఈ పంపులు నెట్టడంలో ఘనులు, లాగడంలో చేతకానివి. పంపు ముందు 100 మైక్రాన్ల ఫిల్టర్, తర్వాత 10 మైక్రాన్లది. సన్న ఫిల్టర్‌ను ముందు పెడితే పంపు పెట్రోల్ అందక అరుస్తూ కాలిపోతుంది. పాత ట్యాంకుల్లో చాలావాటికి అడ్డు రేకులు ఉండవు. మలుపులో పెట్రోల్ ఒక పక్కకు ఒరిగి పంపు గాలి మింగినా కార్బ్యురేటర్ అయితే చాంబర్‌లోని నిల్వతో నెట్టుకొస్తుంది. ఇంజెక్షన్ ఇంజన్ మాత్రం ఆ క్షణమే తడబడుతుంది. లీటరు, రెండు లీటర్ల సర్జ్ ట్యాంకు (పంపుకు ఎప్పుడూ పెట్రోల్ అందేలా పెట్టే చిన్న నిల్వ ట్యాంకు) దానికే. ట్యాంకులో తుప్పు ఉంటే ముందు అది వదిలించండి. ఢీకొంటే పంపును ఆపే ఇనర్షియా స్విచ్ పెట్టడం మానకండి.

వైరింగ్‌లో కంప్యూటర్‌కు కరెంటు, ఎర్త్ రెండూ నేరుగా బ్యాటరీ నుంచే ఇవ్వాలి. తాళం కరెంటును కాయిల్ దగ్గర తీసుకుంటే, బలాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు వోల్టేజీ తగ్గించేది) ఉన్న బండిలో వోల్టేజీ చాలక కంప్యూటర్ సెల్ఫ్ కొట్టినప్పుడల్లా చచ్చి బతుకుతుంది. ప్లగ్ తీగలు ఉత్త రాగివి అయితే వాటి రొద సెన్సార్లను పిచ్చెక్కిస్తుంది, అణచివేత ఉన్న తీగలు, రెసిస్టర్ ప్లగ్‌లు వేయండి. ఆక్సిజన్ సెన్సార్‌ను అడ్డంగా కాక కనీసం పది డిగ్రీలు పైకి వాలేలా బిగించాలి, లేకపోతే నీళ్లు నిలిచి పగులుతుంది. దానికి ముందు సైలెన్సర్ గొట్టంలో చిన్న లీకున్నా బయటి గాలిని చూసి కంప్యూటర్ ఇంజన్ లీన్‌గా ఉందనుకుని పెట్రోల్ కుమ్మరిస్తుంది. మిస్సింగ్ ఉన్నా ఇదే జరుగుతుంది, కాలని ఆక్సిజన్ దానికి లీన్‌లా కనిపిస్తుంది. సీసం కలిసిన ఇంధనాలు, అలాంటి అడిటివ్‌లు సెన్సార్‌ను కొద్ది రోజుల్లోనే చంపేస్తాయి. త్రాటిల్ కేబుల్‌తో ప్రెషర్ అందుకునే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే ఆ కేబుల్ జ్యామితి పాత కార్బ్యురేటర్‌లో ఉన్నట్టే రావాలి. తేడా వస్తే ఇంజన్ బాగానే ఉంటుంది, గేర్‌బాక్స్ క్లచ్‌లు కాలతాయి.

మీకు ఆ సెన్సార్ ఒక్కటి మాత్రం ఇప్పుడే వేయించుకోమంటాం. మిక్చర్ ఎంత రిచ్, ఎంత లీన్ అన్నది అంకెల్లో చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సార్, దానికో మీటరు. కార్బ్యురేటర్ సెట్టింగ్‌కు అంతకు మించిన కళ్లజోడు లేదు. మీటరు, దాని కంట్రోలర్ చాలావరకు నెగటివ్ ఎర్త్‌కే తయారవుతాయి, మీ బండి బాడీకి తగలకుండా విడి బ్యాటరీ మీద నడిపి, పని అయ్యాక సెన్సార్ తీసి ఆ రంధ్రానికి బిరడా బిగించండి. సెన్సార్ హీటర్‌కు కరెంటు లేకుండా దాన్ని గొట్టంలో వదిలేసి తిప్పితే పాడైపోతుంది. మీటరును లాంబ్డాలో (ఇంధనానికి సరిపడే గాలిని 1 అనుకుని చెప్పే కొలత) చూస్తే ఇథనాల్ ఎంత కలిసిందన్న గొడవ ఉండదు. స్లోలో 0.92 నుంచి 0.97, నిలకడ వేగంలో 1.0 దగ్గర, ఫుల్ రేసులో 0.86 నుంచి 0.88 మధ్య ఉండాలి. జంట పోర్టుల సంగతి గుర్తుంది కదా, మీటరు సగటే చెబుతుంది. నాలుగు ప్లగ్‌లూ విప్పి రంగు పోల్చి చూడండి.

పని వరస ఇలా పెట్టుకోండి. ముందు కంప్రెషన్, వాల్వ్ క్లియరెన్స్, ఇగ్నిషన్. తర్వాత బ్యాటరీ తీగలు, చోక్ తీగ, జెట్లు పైకి వస్తున్నాయా. ఆపైన షీల్డు, దిమ్మలు, ఫ్లోట్ మట్టం. కార్బ్యురేటర్లు విప్పడం చివరిది, విప్పితే మాత్రం బుష్‌లు, స్పిండిళ్లు, జెట్లు, నీడిళ్లు, ప్యాకింగులు అన్నీ ఒకేసారి. ఇవన్నీ అయ్యాక కూడా వేడికి ఆగుతుంటే, ఆగిన క్షణంలో పంపు ఎలా కొట్టుకుందో, ఆ తర్వాత ఫ్లోట్ మూత విప్పితే చాంబర్‌లో పెట్రోల్ ఎంత ఉందో చూసి రాయండి. ఆ మూత విప్పేది ఇంజన్ పూర్తిగా చల్లారాకే.